నీలి మచ్చలు చూసి మురిసిపోకండి: వేరుశనగలో జన్యు మార్పిడి

ఆగ్రోబాక్టీరియంతో (మొక్క కణంలోకి జన్యువును చేరవేసే బ్యాక్టీరియా) కలిపిన మూడో రోజు వేరుశనగ బద్దల్ని గస్ ద్రావణంలో (గస్ అనే గుర్తు జన్యువు పనిచేసే చోట నీలి రంగు తేల్చే ద్రావణం) వేస్తే నీలి మచ్చలు పుష్కలంగా కనిపిస్తాయి. నాలుగైదు నెలలకు చేతికొచ్చే అసలు మొక్కలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. జన్యువు కణంలోకి వెళ్తోంది, కానీ అది వెళ్లిన కణం వేరు, చిగురు వేసే కణం వేరు. పప్పుజాతి పంటల్లో ఏ పద్ధతిని మెరుగుపరచాలన్నా ఆ రెండింటినీ ఒకచోటికి తేవడమే పని.

పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నుంచి 2000లో వచ్చిన బద్దల పద్ధతి ఇప్పటికీ పనికొస్తున్నది ఇందుకే. అందులో చిగుళ్లు పుట్టేది కోసిన అంచు దగ్గర, బ్యాక్టీరియా అంటుకునేదీ అక్కడే.

గింజల్ని 70 శాతం ఆల్కహాల్‌లో ఒక నిమిషం, 0.1 శాతం మెర్క్యురిక్ క్లోరైడ్‌లో 8–10 నిమిషాలు ఉంచి, స్టెరైల్ నీళ్లతో నాలుగైదుసార్లు కడిగి, 3–4 గంటలు నానబెట్టండి. (ఆ పాదరసం నీళ్లు సింక్‌లో పోయకండి, విడిగా సీసాలో పట్టండి.) పొట్టు తీసి, బద్దలు విడదీసి, అంకురాన్ని పూర్తిగా తొలగించి, ఒక్కో బద్దను నిలువుగా రెండుగా కోయాలి. ఎక్కువ బ్యాచ్‌లు చెడేది ఇక్కడే. అంకురం తునక మిగిలితే అందులో ముందే ఉన్న మొగ్గ వారంలోపే పచ్చగా తన్నుకొస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది గానీ అందులో మన జన్యువు ఉండదు. అలాంటి ముక్కను నిర్దాక్షిణ్యంగా పారేయండి.

బ్యాక్టీరియాను ఫ్రిజ్‌లో నెలల తరబడి పడివున్న ప్లేట్ నుంచి తీయొద్దు. గ్లిసరాల్ స్టాక్ (గడ్డకట్టించి దాచిన నిల్వ) నుంచి ప్లేటు మీద కొత్తగా గీసి, ఒక్క కాలనీని 28 డిగ్రీల దగ్గర రాత్రంతా పెంచండి. ఓడీ (బ్యాక్టీరియా ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) 0.5–0.6 రాగానే సెంట్రిఫ్యూజ్ చేసి సగం బలం ఎంఎస్ (మొక్క కణాలకు పోషకాలిచ్చే మురాషిగే-స్కూగ్ మిశ్రమం) ద్రవంలో కలపండి. పీహెచ్ 5.5 దగ్గర ఉంచి 100 మైక్రోమోలార్ అసిటోసిరింగోన్ (జన్యువు పంపేలా బ్యాక్టీరియాను ఉసిగొల్పే రసాయనం) చేరిస్తే మేలు. కోసిన అంచు ఆరకముందే ముంచి, స్టెరైల్ ఫిల్టర్ పేపర్ మీద అద్దండి. అద్దడానికి బద్ధకిస్తే తర్వాత ప్లేటంతా బ్యాక్టీరియా జిగురే.

కలిపి ఉంచే మూడు రోజులూ 22–24 డిగ్రీలు దాటనివ్వకండి. వేడి 28 దాటేకొద్దీ బ్యాక్టీరియా బతికే ఉంటుంది గానీ టీ-డీఎన్ఏను (మొక్కలోకి వెళ్లే డీఎన్ఏ ముక్క) పంపే యంత్రాంగం చతికిలబడుతుంది. ఏప్రిల్‌లో రాత్రిపూట ఏసీ ఆగిపోయే ల్యాబుల్లో, ఏ తప్పూ కనపడకుండానే ఫలితం సున్నా అయ్యేది ఇలాగే.

మీడియా ఇది: ఎంఎస్, చిగుళ్లు పుట్టించే హార్మోన్ బీఏ 20 మైక్రోమోలార్ (లీటరుకు 4.5 మి.గ్రా.), ఆక్సిన్ రకం హార్మోన్ 2,4-డి 10 మైక్రోమోలార్ (2.2 మి.గ్రా.), 3 శాతం చక్కెర, 0.8 శాతం అగార్, పీహెచ్ 5.8. కోసిన అంచు మీడియాలో దిగాలి. మూడు రోజులయ్యాక లీటరుకు 250 మి.గ్రా. సెఫోటాక్సిమ్ (బ్యాక్టీరియాను చంపే మందు) ఉన్న మీడియాకు, మరో రెండు వారాలకు 125 మి.గ్రా. కనమైసిన్ (జన్యువు అందని కణాల్ని ఏరేసే మందు) కూడా ఉన్నదానికి మార్చండి. మొదటి రోజే కనమైసిన్ పెడితే, అప్పుడప్పుడే జన్యువు అందుకున్న కణం నిరోధక ప్రొటీన్ తయారుచేసుకోకముందే చస్తుంది. సెఫోటాక్సిమ్‌ను ఆటోక్లేవ్ అయ్యి మీడియా చల్లారాకే కలపాలి. అది మెల్లగా విరిగిపోతుంది కనుక రెండేసి వారాలకు ప్లేటు మార్చాల్సిందే. మొగ్గలు వచ్చాక 2,4-డి ఆపేయండి, లేదంటే కాలస్ (రూపంలేని కణాల ముద్ద) గడ్డకడుతుంది. చిగుళ్లు సాగడానికి 2 మైక్రోమోలార్ బీఏ, వేళ్లకు 5 మైక్రోమోలార్ ఎన్ఏఏ (వేళ్లు పుట్టించే హార్మోన్).

125 అన్న అంకెను మాత్రం కళ్లు మూసుకుని దించుకోవద్దు. కనమైసిన్‌ను తట్టుకునే గుణం రకాన్ని బట్టి మారుతుంది. జన్యువు మార్చని బద్దల్ని లీటరుకు 0 నుంచి 150 మి.గ్రా. వరకు మెట్లుమెట్లుగా పెట్టి, అవి ఎక్కడ తెల్లబడతాయో మీ రకానికి మీరే చూసుకోండి. చిగుళ్లను గుత్తిగా వదలొద్దు. పక్క చిగురు చాటున మారని చిగురు కూడా దర్జాగా బతికేస్తుంది.

కోసిన అంచులు నల్లబడుతున్నాయా? సోయాలో కలిపి ఉంచే రోజుల్లో మాత్రమే లీటరుకు 400 మి.గ్రా. ఎల్-సిస్టీన్ వాడతారు. వేరుశనగలోనూ చిన్న బ్యాచ్ మీద ప్రయత్నించదగ్గదే. శనగలో చిక్కు వేరు: చిగురు వస్తుంది, వేరు రాదు. వేళ్ల మీడియాతో నెలలు కుస్తీ పట్టే బదులు, ఐదారు రోజుల మొలకను వేరున్న అడుగు మొక్కగా తీసుకుని, వీ ఆకారంలో కోసిన చిగురును అంటు కట్టడం మేలు.

ఇక పీసీఆర్, అంటే జన్యువు ఉందో లేదో చూసే డీఎన్ఏ పరీక్ష. కాండంలో దాక్కున్న బ్యాక్టీరియా కూడా చక్కటి బ్యాండ్ ఇస్తుంది. అందుకే టీ-డీఎన్ఏ బయట ఉండే, అంటే మొక్కలోకి వెళ్లని, వైరులెన్స్ జన్యువుకు ఇంకో ప్రైమర్ జత (ఆ జన్యువును వెతికే చిన్న డీఎన్ఏ ముక్కలు) పెట్టండి. అదీ వెలిగితే ఆ మొక్కను అప్పుడే నమ్మొద్దు. గస్ వాడితే ఇంట్రాన్ (బ్యాక్టీరియా కోసి తీసేయలేని, మొక్క కణం తీసేయగల అడ్డు ముక్క) ఉన్నదే వాడాలి, అప్పుడు బ్యాక్టీరియా సొంతంగా నీలి రంగు చూపలేదు. మొదటి తరం మొక్క సగం మారి, సగం మారకుండా ఉండొచ్చు. కంది, శనగల్లో మొలక కొనను వాడే పద్ధతుల్లో ఇది మరీ ఎక్కువ. జన్యువు పై పొరలో మాత్రమే ఉంటే, సాధారణంగా రెండో పొర నుంచి పుట్టే పుప్పొడికీ అండానికీ అది చేరదు. తర్వాతి తరంలో ఒక్కో మొక్కకు కనీసం 15–20 గింజలు మొలిపించి 3:1 నిష్పత్తి (జన్యువున్నవి మూడు, లేనిది ఒకటి) చూడండి, సదరన్ (జన్యువు ఎన్నిచోట్ల చేరిందో చూపే డీఎన్ఏ పరీక్ష) చేయండి.

లెక్క రాసేటప్పుడు చిగుళ్లను కాకుండా ముక్కల్ని లెక్కపెట్టండి. ఒకే బద్ద నుంచి వచ్చిన ఆరు చిగుళ్లు ఒకే కణం సంతానం కావచ్చు. సదరన్‌లో బ్యాండ్లు వేరని తేలేదాకా అవి ఆరు కాదు, ఒకటే.