ఐదోసారి ఏ ఓడ?

గ్రీసులోని శాంతోరిని దీవిలో పెద్ద క్రూయిజ్ ఓడ ఆనుకోవడానికి రేవు లేదు. ఎప్పుడో అగ్నిపర్వతం పేలి కుంగిన చోట సముద్రం నిండింది. కొండ పక్కనే లోతెక్కువ. అందుకని ఓడ నీళ్ల మధ్యే నిలబడి, మనుషుల్ని టెండర్ అనే చిన్న పడవల్లో ఒడ్డుకి పంపిస్తుంది. ఇది నాకు ముందే తెలుసు. మా ఓడలో ఉన్న వేలమందిలో మా వంతు ఎప్పుడొస్తుందో మాత్రం ఆలోచించలేదు.

లాంజ్‌లో గంటన్నర కూర్చున్నాక మా నంబరు పిలిచారు. పడవ దిగితే తలెత్తి చూడాల్సినంత ఎత్తున ఫిరా ఊరు. పైకి వెళ్లాలంటే 580కి పైగా మెట్లెక్కాలి, లేదా గాడిదల మీద వెళ్లాలి, లేదా కేబుల్ కారు. అమ్మకి 74 ఏళ్లు, మోకాళ్లు సహకరించవు. ఇక మిగిలింది కేబుల్ కారే. ఒక్కో విడతకి ఆరు చిన్న పెట్టెలు, ఒక్కో పెట్టెలో ఆరుగురు. ప్రయాణం మూడు నిమిషాలే, దాని కోసం నిలబడ్డది గంటకి పైనే. తీరా పైకెళ్లాక, తిరుగు వరసని తలుచుకుని గంటన్నరకే కిందికి దారి పట్టాం. ఆ నీలం గుమ్మటాల మీద మధ్యాహ్నపు ఎండ తప్ప అమ్మ ఇంకేం చూడలేదు.

వరసలో మా ముందున్న దంపతులు మా ఓడ పక్కనే నిలిచిన చిన్న ఓడలో వచ్చారట. కేబుల్ కారు వాళ్లనీ మనల్నీ ఒకేలా నిలబెడుతుంది, అందులో తేడా లేదు. కానీ వాళ్ల ఓడ రాత్రి పదింటిదాకా అక్కడే ఉంటుందట. రద్దీ తగ్గాక మళ్లీ పైకొచ్చి, సూర్యాస్తమయం చూసి నింపాదిగా దిగుతామన్నారు. మాకు సాయంత్రం నాలుగున్నరకి ఆఖరి టెండర్. ఈసారి కంపెనీ మారుద్దామన్న ఆలోచన నాకు అక్కడే గట్టిపడింది.

ఇది మా నాలుగో క్రూయిజ్. నాలుగూ ఒకే కంపెనీవి. ఇంకో ప్రయాణం చేస్తే సభ్యత్వంలో పై మెట్టు ఎక్కుతాం, ఓడ ఎక్కేటప్పుడు వరసలో నిలబడే పని తప్పుతుంది, ఇంకా కొన్ని సదుపాయాలు వస్తాయి. మావారికి అది వదులుకోవడం ఇష్టం లేదు. "కట్టిన గోడ మన చేత్తో మనమే పడగొట్టుకోవడం ఎందుకు?" అన్నారు. పోనీ ఒకే గ్రూపులో ఉన్న ఇంకో కంపెనీ చూద్దామన్నారు. ఉదాహరణకి, రాయల్ కరీబియన్ కంపెనీలో సంపాదించుకున్న హోదాని సెలబ్రిటీ క్రూయిజెస్ కంపెనీలోనూ గుర్తిస్తారు, రెండూ ఒకే గ్రూపువి కాబట్టి. అలాంటి దారి ఉన్నవాళ్లకి మారడం తేలిక.

మర్నాడంతా సముద్రం మీదే. మావారు కాగితం, పెన్ను తీసుకుని బాల్కనీలో కూర్చున్నారు. ఓడలకి చెప్పే గ్రాస్ టన్నేజ్ బరువు కాదు, లోపలి చోటుకి కొలత. దాన్ని ప్రయాణికుల సంఖ్యతో భాగిస్తే తలకి ఎంత చోటో తెలుస్తుంది. 2024లో మొదలైన పెద్ద ఓడ ఐకాన్ ఆఫ్ ద సీస్‌కి సుమారు 2,48,600 టన్నేజ్, గదికి ఇద్దరి లెక్కన 5,610 మంది: 44. వైకింగ్ కంపెనీ చిన్న ఓడ వైకింగ్ స్టార్‌కి సుమారు 47,800, మనుషులు 930: 51. క్వీన్ మేరీ 2కి ఇంకాస్త ఎక్కువ. లెక్క చూశాక మావారు కొంచెం మెత్తబడ్డారు. నాకు మాత్రం ఈ అంకెకంటే ఓడ ఏ రేవులో ఎన్ని గంటలు ఉంటుందన్నదే ముఖ్యం. కరపత్రంలో ఊరి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, వచ్చే వేళా వెళ్లే వేళా చిన్నక్షరాల్లో ఉంటాయి. రోమ్ అని రాస్తారు, ఓడ ఆగేది చివిటవెక్కియా అనే రేవులో. అక్కణ్ణుంచి రోమ్‌కి రైల్లో సుమారు గంట. రానూపోనూ తీసేస్తే ఊరికి మిగిలేదెంత?

వైకింగ్ సముద్రపు ఓడల్లో 18 ఏళ్ల లోపు వాళ్లని ఎక్కనివ్వరు, క్యాసినో ఉండదు, ప్రతి రేవులో ఒక టూరు టికెట్‌లోనే కలిసి ఉంటుంది. మా ముగ్గురికీ సరిగ్గా సరిపోతుంది. కానీ మా అక్క పిల్లల్ని తీసుకెళ్దామని ఎప్పట్నుంచో అనుకుంటున్నాం, ఆ ప్రయాణానికి మళ్లీ పెద్ద ఓడే కావాలి. గాలి లేచినప్పుడు పెద్ద ఓడ ఊగేది తక్కువ, అమ్మకి అదీ ముఖ్యమే. ఇవి తేలిగ్గా తీసేయగలిగినవి కావు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. మా కంపెనీలో రోజూ ఒకే వేళకి, ఒకే బల్ల దగ్గర భోజనం. మొదటిరోజే మా సర్వర్ అమ్మ కుర్చీకి వీపు వెనక దిండు పెట్టాడు. రెండోరోజు నుంచి అడక్కుండానే గోరువెచ్చని నీళ్లు వచ్చేవి. అమ్మ రోజూ వాళ్లమ్మ ఎలా ఉందని అడిగేది, అతను ఫోన్‌లో ఫొటోలు చూపించేవాడు. భాష సగం సగమే, అయినా ఇద్దరికీ అర్థమయ్యేది. నచ్చిన వేళకి నచ్చిన చోట కూర్చోమనే ఓడలు ఇప్పుడు చాలా ఉన్నాయి. నాకు ఆ స్వేచ్ఛ ఇష్టమే. కానీ రోజుకో బల్ల, రోజుకో మనిషి అయితే ఆ దిండు ఎవరు పెడతారు?

ఆఖరి రోజు ఓడలోనే తర్వాతి ప్రయాణానికి బుకింగ్ తీసుకునే కౌంటర్ దగ్గరికి వెళ్లాం. ఇప్పుడే డిపాజిట్ కడితే తగ్గింపు ఇస్తామన్నారు. డిపాజిట్ వెనక్కి ఇస్తారా అని మావారు అడిగారు. ఈ తగ్గింపు తీసుకుంటే వెనక్కి రాదన్నారు. ఆయన నా వైపు చూశారు, నేను అమ్మ వైపు చూశాను.

"రాత్రిదాకా ఆగే ఓడ ఎక్కుదాం," అంది అమ్మ. "ఆ ఊరు ఇంకోసారి చూడాలి."

మావారు ఫారం అక్కడే పెట్టేసి లేచారు. ఆ రాత్రి పెట్టెలకి ట్యాగులు కట్టి తలుపు బయట పెట్టాక, అమ్మ ఆ సర్వర్ పేరు తన చిన్న నోటు పుస్తకంలో తెలుగులో రాసుకుంది. పలకడం సరిగ్గా వచ్చిందో లేదో చెప్పమని నన్ను రెండుసార్లు అడిగింది.