సున్నపురాయి కింది కొలువు

"అన్నా, గుహల మీద రీసెర్చ్ చేస్తే డబ్బులెవరిస్తారు? తర్వాత ఉద్యోగం దొరుకుతుందా?" కర్నూలు, అనంతపురం వైపు జియాలజీ చదువుతున్న పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. దొరుకుతుంది. కాకపోతే ఆ డబ్బు ఎందుకు ఇస్తారో ముందు అర్థం చేసుకోవాలి. గుహ అందంగా ఉందని ఎవరూ జీతం ఇవ్వరు. గుహలో పారే నీళ్లు ఎవరి బావిలోకో పోతాయి, గుహ పైకప్పు మీద ఎవరి ఇల్లో ఉంటుంది. జీతం వచ్చేది అందుకే.

నేనుండేది అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, బౌలింగ్ గ్రీన్ అనే ఊళ్లో. ఊరంతా సున్నపురాయి మీద ఉంది. వాన నీళ్లు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొంచెం పులుపెక్కుతాయి. ఆ నీళ్లు పగుళ్లలోకి దిగి, వేల లక్షల ఏళ్లపాటు రాయిని కరిగిస్తాయి. లోపల సొరంగాలు, పైన గుంతలు ఏర్పడతాయి. ఇలాంటి నేలనే కార్స్ట్ అంటారు. ఈ ఊళ్లోనే 2014 ఫిబ్రవరి 12న తెల్లవారుజామున కార్వెట్ కార్ల మ్యూజియంలో నేల కుంగిపోయి, 8 కార్లు గుంతలో పడ్డాయి. ఆ వేళ లోపల ఎవరూ లేరు కాబట్టి ప్రాణాలకు ముప్పు రాలేదు. బౌలింగ్ గ్రీన్‌లో ఇల్లు కట్టేవాళ్లకు, రోడ్డు వేసేవాళ్లకు కార్స్ట్ రోజువారీ టెన్షన్.

నా పనిలో ఎక్కువ భాగం డై ట్రేసింగ్. ఒక గుంతలో దిగిన నీరు ఏ ఊటలో బయటపడుతుందో రంగు కలిపి కనిపెట్టడం. ఫ్లోరెసీన్, ఇయోసిన్, రోడమీన్ లాంటి రంగులు వాడతాం. రంగు పోయకముందే చుట్టుపక్కల ఊటల్లో, వాగుల్లో జాలీలో కట్టిన, రంగును పీల్చుకునే బొగ్గు పొట్లాలు పెడతాం. టీ బ్యాగు కంటే కాస్త పెద్దవి. రంగు పోసిన తర్వాత వాటిని మారుస్తూ, తీసినవి ల్యాబ్‌కు పంపుతాం. కంటికి కనిపించనంత తక్కువ రంగునైనా యంత్రం పట్టేస్తుంది. కార్ల కూలెంట్‌లో కూడా ఇలాంటి రంగే ఉంటుంది, అందుకని అసలు పరీక్షకు ముందే నీళ్లలో ఇదివరకే ఏముందో చూసుకోవాలి. రంగు కలిపిన మనిషి బొగ్గు పొట్లాలను ముట్టుకోకూడదు. వేలికి అంటిన కాస్త రంగు చాలు, నెలల పని పాడవడానికి. ఇంకో సంగతి, రంగు పోసేముందు అధికారులకు కబురు చెప్పాలి. ఊటలో నీళ్లు పచ్చగా కనిపిస్తే జనం కంగారుపడి ఫోన్లు చేస్తారు.

మామూలు ఇసుక పొరల్లో నీరు చాలా నెమ్మదిగా కదులుతుంది. కార్స్ట్‌లో ఒక్కరోజులో కిలోమీటర్లు పోతుంది. మట్టిలో వడకట్టే పని జరగదు. ఎక్కడో పెట్రోల్ బంకులో ట్యాంకు కారితే, ఆ వాసన ఎవరి ఇంటి కిందికి వస్తుందో చెప్పాలంటే సొరంగాల దారి తెలియాలి. కన్సల్టింగ్ కంపెనీలు, నగరపాలక సంస్థలు, నీటి శాఖలు మమ్మల్ని పెట్టుకునేది అందుకే. టెక్సస్‌లో ఆస్టిన్, శాన్ ఆంటోనియోల వైపు ఎడ్వర్డ్స్ ఆక్విఫర్ అనే సున్నపురాయి జలపొర మీద లక్షల మంది ఆధారపడి ఉన్నారు. శాన్ ఆంటోనియోలో ఉండే మన తెలుగువాళ్లు తాగే నీళ్లలో చాలా భాగం ఆ పొరవే. ఆ నీటిని కాపాడటానికి ప్రత్యేకంగా ఒక అథారిటీయే ఉంది. ఫ్లోరిడాలో అయితే కుంగే నేల గొడవ ఎక్కువ. అక్కడ జియోటెక్నికల్ కంపెనీలకు, అంటే కట్టేముందు నేలను పరీక్షించేవాళ్లకు, పని తగ్గదు.

ఇక చదువు డబ్బు సంగతి. మనవాళ్లు మొదట పేరు విని ఆశపడేది ఎన్‌ఎస్‌ఎఫ్ (అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్) గ్రాడ్యుయేట్ ఫెలోషిప్. అది అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. దాని గురించి ఆలోచిస్తూ సమయం పోగొట్టుకోవద్దు. మనకు మొదటి అన్నం పెట్టేది టీచింగ్ అసిస్టెంట్‌షిప్, లేదా ప్రొఫెసర్ దగ్గరున్న ప్రాజెక్టు డబ్బు. అందుకే యూనివర్సిటీ ర్యాంకు కంటే ముందు, కార్స్ట్ మీద నిజంగా పనిచేసే ప్రొఫెసర్ ఎవరున్నారో చూడాలి. ఇక్కడి వెస్ట్రన్ కెంటకీ యూనివర్సిటీ పెద్ద పేరున్నదేమీ కాదు, కానీ కార్స్ట్ చదువుకు దానికి మంచి పేరుంది. ఆ తర్వాత చిన్న గ్రాంట్లు. నేషనల్ స్పీలియలాజికల్ సొసైటీ (గుహల అధ్యయన సంఘం), కేవ్ రీసెర్చ్ ఫౌండేషన్, జియలాజికల్ సొసైటీ ఆఫ్ అమెరికా విద్యార్థులకు ఇస్తాయి. మొత్తం చిన్నదే. బొగ్గు, పెట్రోల్, ల్యాబ్ ఫీజు ఖర్చులకు వస్తుంది. అయినా బయోడేటాలో దాని బరువు వేరు. ఇంకెవరో మన ప్రతిపాదన చదివి నమ్మారని అది చెబుతుంది.

డబ్బు కంటే ముఖ్యమైనది పరిచయం. మా దగ్గర్లోని మామత్ కేవ్‌ను ఇప్పటికి 420 మైళ్లకు పైగా కొలిచారు, ప్రపంచంలో అన్నిటికంటే పొడవైన గుహ అదే. ఆ కొలత చాలావరకు స్వచ్ఛందంగా వచ్చేవాళ్ల చెమట. పక్కనున్న ఫ్లింట్ రిడ్జ్ గుహలు, మామత్ కేవ్ లోపల కలిసే ఉన్నాయని 1972లో తేల్చింది కూడా ఈ స్వచ్ఛంద సర్వేయర్లే. ఆ సర్వేలకు వెళ్లి, ఎప్పుడూ 12 డిగ్రీలుండే చీకట్లో టేపు పట్టుకుని, బురదలో పాకితే, పక్కన పాకేది రేపు మన రెజ్యూమె చూసే హైడ్రాలజిస్టు (నీటి శాస్త్రవేత్త) కావచ్చు. నాకు ఉద్యోగం అలాంటి పరిచయంతోనే వచ్చింది.

వీసా విషయం దాచను. జియాలజీ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ చదువులు) కిందికి వస్తుంది కాబట్టి, ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేసుకునే అనుమతి, ఏడాదికి తోడు ఇంకో 24 నెలలు ఉంటాయి. తర్వాత స్పాన్సర్ చేసే కంపెనీలు ఐటీలో ఉన్నన్ని ఈ రంగంలో లేవు. నేషనల్ పార్క్ సర్వీస్, యూఎస్ జియలాజికల్ సర్వే లాంటి ఫెడరల్ ఉద్యోగాలకు దాదాపుగా పౌరసత్వం కావాలి. రాష్ట్ర లైసెన్సు, అంటే ప్రొఫెషనల్ జియాలజిస్టు పరీక్ష, వీలైనంత త్వరగా రాయడం మంచిది. లైసెన్సున్న మనిషిని వదులుకోవడానికి కంపెనీ ఇష్టపడదు.

అమెరికా ఒక్కటే దారి కాదు. కార్స్ట్ అన్న పేరే స్లొవేనియాలోని క్రాస్ ప్రాంతం నుంచి వచ్చింది. ఆ దేశంలోని పొస్తోయ్నాలో కార్స్ట్ పరిశోధన సంస్థ 1947 నుంచి ఉంది. అక్కడ 1993లో మొదలైన అంతర్జాతీయ కార్స్ట్ స్కూల్‌కు ఏటా వేసవిలో చాలా దేశాలవాళ్లు వస్తారు. నోవా గోరిత్సా యూనివర్సిటీలో కార్స్టాలజీలోనే పీహెచ్‌డీ చేయొచ్చు. యూరప్‌లో జీతమిచ్చి పీహెచ్‌డీ చేయించే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్కులు ఏ దేశం వాళ్లనైనా తీసుకుంటాయి.

ప్రాచీన వాతావరణం మీద పనిచేసేవాళ్లకు పేరు ఎక్కువ. మేఘాలయలోని మామ్లుహ్ గుహ స్టాలగ్‌మైట్ (నీటిచుక్కల్లోని సున్నం పేరుకుని నేల నుంచి లేచే రాతి స్తంభం) ఆధారంగానే, భూచరిత్రలో 4,200 ఏళ్ల కింద మొదలైన కాలానికి 2018లో మేఘాలయన్ అని పేరు ఖాయం చేశారు. గొప్ప పనే. అయినా నన్నడిగితే నీటి వైపు రమ్మంటాను. అది మనుషులకు తొందరగా అక్కరకొస్తుంది.

మాది బేతంచర్ల. నాపరాళ్ల గనుల ఊరు. ఊరికి దగ్గర్లోనే బిల్లసర్గం గుహలున్నాయి. 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ గుహల్లో తవ్వకాలు చేయించి పాత జంతువుల ఎముకలు తీయించాడు. మా వైపే ఉన్న బెలుం గుహల్లో కొలిచింది 3,229 మీటర్లు. ఆ సున్నపురాయి నేల మీద ఎన్నో ఊళ్లు బోర్ల నీళ్లతో బతుకుతున్నాయి. యాగంటి కోనేటిలోకి వచ్చే నీరు ఎక్కడ నేలలో దిగుతుందో, గనుల గుంతల నీళ్లు ఏ బోరుకు చేరతాయో రంగు పోసి చూడాలని నాకు బలమైన కోరిక. దీనికి కావాల్సింది కోట్లు కాదు. కొంత రంగు, కొన్ని బొగ్గు పొట్లాలు, ఏదో ఒక యూనివర్సిటీలో రంగును కొలిచే ఫ్లోరోమీటరు, ఊటల దగ్గరికి మళ్లీ మళ్లీ నడిచే ఇద్దరు విద్యార్థులు. ఎమ్మెస్సీ డిసర్టేషన్‌గా దాన్ని ఎవరైనా ఎత్తుకుంటే, ఆ డేటాతో ఏ దేశంలోని కార్స్ట్ ప్రొఫెసర్‌కు రాసినా జవాబు వస్తుందని నా నమ్మకం. పద్ధతి నేర్పడానికి రాత్రిపూట వీడియో కాల్‌లో కూర్చోవడానికి నేను సిద్ధం.