నచ్చని వచనం ఎదురైనప్పుడు

పరిశుద్ధ గ్రంథానికి మన జీవితం మీద అధికారం ఉందని ఒప్పుకోవడం ఏ విశ్వాసికీ కష్టం కాదు. ఎవరు అడిగినా ఆ మాట తడుముకోకుండా నోటికి వస్తుంది. అయితే ఆ ఒప్పుకోలు ఎంతవరకు నిజమో తేలేది మనకు ఇష్టమైన వచనాల దగ్గర కాదని నా అభిప్రాయం. ఆదరించే మాట ఎవరు చెప్పినా వింటాము. వినడానికి చెప్పినవారికి అధికారం ఉండనవసరం లేదు. మనం ముందే తీసుకున్న నిర్ణయానికి అడ్డంగా నిలిచే వచనం ఒకటి ఎదురైనప్పుడు ఏం చేస్తామన్న దానిని బట్టే, లేఖనాన్ని మనం ఏలికగా ఎంచుతున్నామో, అవసరమైతే పిలిచే సలహాదారుగా ఎంచుతున్నామో బయటపడుతుంది.

యిర్మీయా 36వ అధ్యాయంలో యూదా రాజైన యెహోయాకీము చలికాలపు నగరులో కుంపటి ముందు కూర్చుని ఉంటాడు. ప్రవక్త యిర్మీయా దేవుని హెచ్చరికలను చెప్పగా అతని లేఖికుడు బారూకు వ్రాసిన గ్రంథపు చుట్టను యెహూది అనే అతడు చదివి వినిపిస్తుంటాడు. మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చాకుతో ఆ భాగాన్ని కోసి నిప్పులో వేస్తాడు. ముగ్గురు అధికారులు వద్దని బతిమాలినా వినకుండా చుట్ట అంతా కాలిపోయేదాకా అదే చేస్తాడు. తరువాత బారూకు అదే గ్రంథాన్ని మళ్లీ వ్రాశాడనీ, మొదటి దానిలో లేని మాటలు కూడా అందులో చేరాయనీ ఆ అధ్యాయం చివరి వచనం చెబుతుంది.

ఇంత బాహాటంగా చాకు పట్టినవారు ఆ తరువాతి చరిత్రలోనూ ఉన్నారు. బ్రిటిష్ వెస్టిండీస్ తోటలలోని నల్లజాతి బానిసల కోసమని 1807లో లండన్‌లో ఒక బైబిలు సంకలనాన్ని అచ్చువేశారు. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం నుండి విడుదల పొందిన కథ అందులో లేదు. క్రీస్తునందు దాసుడని స్వతంత్రుడని భేదం లేదన్న గలతీ పత్రిక వచనమూ లేదు. దాసులు తమ యజమానులకు లోబడాలన్న ఎఫెసీ పత్రిక మాటను మాత్రం ఉంచారు. బానిసత్వాన్ని బైబిలు సమర్థించిందని వాదించేవారు ఈ పుస్తకం సంగతి ఆలోచించాలి. గ్రంథమంతా నిజంగా తమ పక్షానే ఉందని నమ్మి ఉంటే దానిని కోయవలసిన అవసరం ఎవరికీ రాదు. పూర్తి లేఖనం ఆ మనుషుల చేతికి వెళితే ఏమవుతుందో కోసినవారికి బాగా తెలుసు.

మనలో ఎవరమూ పుటలు చింపము. మనం చదివే పద్ధతే ఆ పని చేసిపెడుతుంది. ఉదయాన ఫోనులో పువ్వుల బొమ్మ మీద వచ్చే వచనాలలో యిర్మీయా 29:11 చాలా తరచుగా కనిపిస్తుంది. దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావన్న ఆ మాట ఎంతమందిని నిలబెట్టిందో నాకు తెలుసు కాబట్టి దానిని తక్కువ చేసి మాట్లాడడం లేదు. కానీ అది బబులోనుకు చెరపట్టబడిన ప్రజలకు వ్రాసిన ఉత్తరంలోని మాట. దానికి ముందు వచనంలోనే డెబ్బది సంవత్సరాలు అనే లెక్క ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దలలో చాలామంది తిరిగి వెళ్లకుండానే అక్కడ కన్నుమూస్తారన్నమాట. ఈలోగా ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మిమ్మును చెరగొనిపోయిన ఆ పట్టణపు క్షేమం కోరి ప్రార్థన చేయండి అని అదే ఉత్తరం ఆజ్ఞాపిస్తుంది. వాగ్దానాన్ని గోడకు తగిలించుకుని ఆజ్ఞను పుస్తకంలోనే వదిలేస్తే, ఆ ఉత్తరంలో మనకు పనికివచ్చేదేదో మనమే నిర్ణయించినట్టు అవుతుంది.

యేసును శోధించినప్పుడు అపవాది కూడా లేఖనాన్నే ఎత్తి చూపాడు. దేవాలయ శిఖరం మీద ఆయనను నిలబెట్టి, క్రిందికి దూకమంటూ, దూతలు నిన్ను ఎత్తి పట్టుకొంటారన్న 91వ కీర్తన మాట చెప్పాడు. అయితే మత్తయి వ్రాసిన దానిలో ఆ కీర్తనలోని ‘నీ మార్గములన్నిటిలో’ అనే మాటలు కనిపించవు. సర్పమును త్రొక్కుదువని చెప్పే తరువాతి వచనం దాకా కూడా అతడు రాలేదు, ఎందుకో ఊహించుకోవచ్చు. యేసు ఆ కీర్తనను తోసిపుచ్చలేదు. ప్రభువును శోధింపవద్దని మరియొక చోట వ్రాయబడి ఉందని జవాబిచ్చాడు. ఆయన ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండములోనివే. ఒక వచనాన్ని మిగిలిన లేఖనం మధ్య నిలబెట్టి చదవడమే ఆయన చూపిన పద్ధతి.

నేను బైబిలును మొదటి నుండి వరుసగా చదవడానికి కారణం ఇదే. ఏ రోజు ఏ భాగం రావాలన్నది నా మనఃస్థితిని బట్టి ఉండకూడదు. ఒకసారి నిర్గమకాండము 23వ అధ్యాయం చదువుతున్న రోజుల్లోనే మా కుటుంబ వాట్సాప్ గ్రూపులోకి ఒక వ్యక్తి మీద నింద మోపే సందేశం వచ్చింది. డబ్బు విషయంలో మాట తప్పి మా ఇంటివారిని ఇబ్బంది పెట్టిన మనిషి అతడు, కాబట్టి నమ్మాలని నాకు బాగానే అనిపించింది. లేని వార్త పుట్టించకూడదని ఆ అధ్యాయం మొదటి వచనం అంటుంది. అక్కడితో ఆగి ఉంటే, దానిని ఎవరికీ పంపకుండా ఊరుకోవడంతో నా పని తీరిపోయేది. కానీ నాలుగో వచనం, తప్పిపోయిన నీ శత్రువు ఎద్దు గాని గాడిద గాని కనబడితే దానిని తప్పక తోలుకుపోయి అతనికి అప్పగించమంటుంది. శత్రువుకు హాని చేయకుండా ఉంటే సరిపోదు, వాడి నష్టాన్ని ఆపడానికి నడిచి వెళ్లాలి. ఆ సందేశాన్ని మొదట పంపిన పెద్దాయనను ఆధారం ఏమిటని అడిగితే ఎవరో పంపారని జవాబు వచ్చింది. ఇలాంటిది తిరుగుతోందని ఆ మనిషికి ఫోను చేసి చెప్పాను. ఎవరు పంపారని అడిగాడు, పేరు చెప్పలేదు, అంతటితో మాట ముగిసింది. మా మధ్య స్నేహమేమీ మొలకెత్తలేదు. ఫలితం ఎలా ఉంటుందో చూసి లోబడాలంటే ఆ ఫోను నేను చేసేవాణ్ణి కాను.

లేఖనానికి లోబడడమంటే దానిని చేతపట్టుకున్న ప్రతి మనిషికీ లోబడడమని కొందరు భయపడతారు, కొందరు భయపెడతారు కూడా. ప్రభువు నాతో చెప్పాడంటూ ఇతరుల పెళ్లిళ్లనూ ఉద్యోగాలనూ డబ్బునూ నిర్ణయించే బోధకుల మధ్య ఈ భయం ఊరకే పుట్టింది కాదు. అయితే అలాంటివారి ముందు సామాన్య విశ్వాసికి ఉన్న ఆసరా కూడా లేఖనమే. ఎందుకంటే దాని అధికారం క్రింద బోధకుడు కూడా ఉన్నాడు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో బెరయ పట్టణపు వారు పౌలు, సీల చెప్పిన మాటను ఆసక్తితో అంగీకరిస్తూనే, అది అలాగే ఉన్నదో లేదో అని ప్రతిదినమూ లేఖనాలు పరిశోధించారు. ఇక్కడ పరీక్షకు నిలిచినది ఒక అపొస్తలుని బోధ. పరీక్షించినవారిని ఆ పుస్తకం వ్రాసిన లూకా ఘనులని మెచ్చుకున్నాడు. పౌలు అందుకు నొచ్చుకున్నట్టు ఎక్కడా వ్రాయలేదు.