లేటెన్సీ టెస్ట్ పాసైంది, తలుపు మాడింది

"బావా, నీ కంప్యూటరు మళ్ళీ నిలబడిపోయింది. ఈసారి పద్మం మధ్యలో."

అన్నది మా అక్క భర్త, నాకూ బావే. తణుకులో వాళ్ళకి తలుపులు చేసే షెడ్డు ఉంది. కంప్యూటరు ఆజ్ఞలతో నగిషీ చెక్కే సీఎన్‌సీ మిషన్‌కి కంట్రోలర్ పోతే, ఒక ఆఫీసు వదిలించుకున్న పాత డెస్క్‌టాప్ తెచ్చి మిషన్‌ని నడిపే లైనక్స్‌సీఎన్‌సీ సాఫ్ట్‌వేర్ వేసింది నేనే. అందుకే ఆ "నీ" అనే మాట.

చెక్కే బిట్‌ని తిప్పే స్పిండిల్‌ని బావ చేత్తోనే ఆన్ చేస్తాడు. అందువల్ల మిషన్ కదలడం ఆగినా బిట్ మాత్రం తిరుగుతూనే ఉంది. ఫొటో పంపాడు. రేకు అంచున శనగగింజంత నల్లటి మచ్చ. టేకు మాడిన వాసన హైదరాబాద్ దాకా వచ్చినట్టనిపించింది.

నాకు అర్థంకానిది ఒకటే. బిగించే ముందు కంప్యూటరు వేళకి స్పందిస్తోందా అని చూసే లేటెన్సీ టెస్ట్ గంటసేపు నడిపాను. దానికి బరువు పడాలని పక్కన వీడియోలు పెట్టాను, గేర్ల బొమ్మ తిప్పాను. జిట్టర్, అంటే వేళ తప్పడం, 14 మైక్రోసెకండ్లు దాటలేదు. డెబియన్ 12 లైనక్స్, పనులు వేళకి జరిపించే రియల్‌టైమ్ కెర్నల్, బయాస్‌లో ప్రాసెసర్‌ని నిద్రపుచ్చే సీ-స్టేట్స్ ఆఫ్. ఇంకేం కావాలి?

కావలసింది సరైన లాన్ పోర్టు, అంటే నెట్‌వర్క్ వైరు పెట్టే చోటు. ప్యారలల్ పోర్టు రోజుల్లో మోటార్లని కదిపే పల్సులు పీసీయే కొట్టేది. ఇప్పుడు ఆ పని మెసా 7ఐ96ఎస్ అనే విడి బోర్డుది. పీసీ దానితో లాన్ వైరు (ఈథర్‌నెట్) మీద మిల్లీసెకండుకోసారి మాట్లాడాలి: ఎక్కడున్నావని అడగాలి, జవాబు తెచ్చుకోవాలి, కొత్త ఆజ్ఞ పంపాలి. జవాబు ఆలస్యమైతే "ఎర్రర్ ఫినిషింగ్ రీడ్" అని ఎర్ర అక్షరాలు. లేటెన్సీ టెస్టు ఈ దారిని చూడనే చూడదు. అది ప్రాసెసర్ వేళకి నిద్ర లేస్తోందా లేదా అన్నదే చూస్తుంది.

శనివారం వెళ్ళి కూర్చున్నాను. జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే పింగ్ మెసా బోర్డుకి కొడితే సగటు బ్రహ్మాండం, 0.2 మిల్లీసెకండ్లు. కానీ సగటుతో మనకేం పని? వదిలేసి టీ తాగొచ్చి చూస్తే గరిష్ఠం 1.4, అంటే మిల్లీసెకండు దాటింది. ఆ ఒక్కటి చాలు తలుపు మాడడానికి.

లాన్ చిప్పులు షేర్ ఆటోల్లాంటివి. ప్యాకెట్ రాగానే బయల్దేరవు, ఇంకో నలుగురు ఎక్కితే ఒకేసారి ప్రాసెసర్ దగ్గర దింపుదామని చూస్తాయి. సినిమా డౌన్‌లోడ్‌కి అదే మంచిది, మనకి ప్రాణసంకటం. లాన్ సెట్టింగులు మార్చే ఈథ్‌టూల్ అనే కమాండుతో, చిప్పు ఎంతసేపు ఆగాలో చెప్పే ఆర్ఎక్స్-యూసెక్స్ విలువని సున్నా చేస్తే ఈ నిరీక్షణ పోతుంది. మదర్‌బోర్డు మీదున్న చిప్పు ఆ మాటే వినలేదు, సపోర్ట్ లేదంది. కరెంటు ఆదా చేసే ఈఈఈ ఆపినా తేడా రాలేదు.

మధ్యలో యూఎస్‌బీ లాన్ అడాప్టర్ పెట్టి చూశాను. ఆ ముచ్చట వద్దు.

చివరికి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఇంటెల్ ఐ210 కార్డు ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. డబ్బా మీద "గిగాబిట్" అని చూసి కొనకండి, ఆ మాట ఇప్పుడు చాలా కార్డుల మీద ఉంటుంది. కార్డు మీది చిప్పు నంబరు చదవండి. కొట్టువాడి పీసీలో పెట్టించి చిప్పుల పేర్లు చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండు కొడితే ఇంకా మంచిది. నేను అలాగే చేయించాను, కాస్త విసుక్కున్నాడు.

ఆ కార్డుని నడిపే ఐజీబీ డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది కాబట్టి ఇన్‌స్టాల్ గొడవ లేదు. ఆర్ఎక్స్-యూసెక్స్ సున్నా అన్నాను, విన్నది. బూట్ అయిన ప్రతిసారీ అదే పడేలా నెట్‌వర్క్ సెట్టింగులుండే ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో ఒక లైను రాశాను. రాత్రంతా పింగ్ నడిస్తే గరిష్ఠం 0.3 దాటలేదు.

మచ్చని బావ టేకుపొడి, ఫెవికాల్ కలిపి పూడ్చేశాడు. పాలిష్ పట్టాక నాక్కూడా కనపడలేదు.

ఇప్పుడా పీసీకి రెండు లాన్ పోర్టులు. పాతది నెట్‌కి, కొత్తది మెసాకి. పక్క షెడ్డు కుర్రాడొకడు వచ్చి కొత్తదాంట్లో వైరు పీకి తన ల్యాప్‌టాప్‌కి పెట్టుకోబోయాడట. బావ మార్కర్‌తో క్యాబినెట్ మీద రాసిపెట్టాడు: "ఈ వైరు ముట్టుకుంటే తలుపు డబ్బులు నువ్వే కట్టాలి."