గేమ్ మ్యూజిక్‌కు మార్కులు వేయబోతే

సినిమా బీజీఎం గురించి మనవాళ్ళు గంటలకొద్దీ వాదించుకుంటారు. ఏ ఎలివేషన్ సీన్‌కి ఎవరు ఎలా కొట్టారో స్కూలు పిల్లలు కూడా చెప్తారు. వీడియో గేముల సంగీతానికి ఆ భాగ్యం లేదు. మా ఇంట్లో మాత్రం నాకూ తమ్ముడికీ ఆ పిచ్చి ఉంది. ఇద్దరికీ నచ్చిన ట్రాక్‌లన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించి, ఒక్కోదానికి మార్కులు వేసి, పక్కన నాలుగు మాటలు రివ్యూ రాద్దామని కూర్చున్నాం.

పదికి ఇన్ని అని వేస్తూ పోతే అన్నీ ఏడుకీ ఎనిమిదికీ మధ్యే ఇరుక్కున్నాయి. నచ్చినవే కదా లిస్టులో పెట్టుకుంది, ఇక తక్కువ ఎందుకు పడతాయి? దాంతో జతలు కట్టాం. రెండు ట్రాక్‌లు వెంటవెంటనే వినాలి, ఏది గెలిచిందో చెప్పాలి, అంతే. చెస్ రేటింగ్‌లో లాగా, పైనున్నదాన్ని ఓడిస్తే ఎక్కువ పాయింట్లు. వరుస తేలాకే మార్కులు. "ఇది ఎంత బాగుంది?" అని అడిగితే నోరు పెగలదు గానీ, "ఈ రెండిట్లో ఏది?" అంటే జవాబు తన్నుకొస్తుంది.

సౌండ్ దగ్గర ఇంకో తిరకాసు. 1988 నాటి మెగా మ్యాన్ 2 గేమ్‌లోని డాక్టర్ వైలీ కోట ట్యూన్‌నీ, 2016 డూమ్‌కి మిక్ గోర్డన్ చేసిన గిటార్ మోతనీ ఒకదాని తర్వాత ఒకటి పెడితే పాతది పీలగా వినిపిస్తుంది. గట్టిగా వినిపించేదే బాగున్నట్టు అనిపించడం చెవికి ఉన్న పాత జబ్బు. అందుకే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటి సౌండూ ఒకే లెవెల్‌కి తెచ్చాం. ఆ తర్వాత వైలీ ట్యూన్ డూమ్‌ని ఓడించింది, కనీసం నా ఓటులో.

నా లెక్కలో అసలు పరీక్ష వేరే. సినిమా పాట అయిదు నిమిషాల్లో అయిపోతుంది. గేమ్‌లో బాస్, అంటే లెవెల్ చివర్లో వచ్చే పెద్ద విలన్, చేతిలో ఓడిపోతూ ఉంటే అదే ముక్క అరగంట తిరుగుతుంది. అందుకని ఏ ట్రాక్‌నైనా విసుగొచ్చేదాకా లూప్‌లో పెట్టి వినాలని రూల్ పెట్టాను. మొదట అదరగొట్టినవి కొన్ని నాలుగో రౌండుకే తలనొప్పిగా మారాయి. నిలబడినవాటిలో మొదటిది 1994లో వచ్చిన డాంకీ కాంగ్ కంట్రీలోని అక్వాటిక్ యాంబియన్స్. స్వరకర్త డేవిడ్ వైజ్. ఆ గేమ్ నడిచిన మెషిన్ సూపర్ నింటెండోలో సౌండ్ కోసం ఉన్న మెమరీ మొత్తం 64 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ చాలాసార్లు అంతకంటే పెద్దది. వాయిద్యాల శబ్దాలన్నీ అందులోనే సర్దాలి. వైజ్ చిన్న చిన్న ధ్వని తునకలను ఒకదాని వెంట ఒకటి పేర్చి, కోర్గ్ వేవ్‌స్టేషన్ సింథసైజర్‌ని తలపించేలా చేశాడు. అందుకే పట్టి ఉంచిన స్వరం కూడా లోపల్లోపల రంగు మారుతూ ఉంటుంది. ఎన్నిసార్లు తిరిగినా చెవికి మొండిగా తగలదు. హెడ్‌ఫోన్స్‌లో వినండి, తేడా తెలుస్తుంది.

అన్నిటికంటే కష్టం కాంట్రా గేమ్‌కి మార్కులు వేయడం. తొంభైల్లో మన ఇళ్ళలోకి వచ్చిన టీవీ గేమ్ డబ్బాలు చాలావరకు నింటెండో కంపెనీ గేమ్ మెషిన్ ఫ్యామికామ్‌కి నకళ్ళే. వాటిలో క్యాసెట్ పెట్టగానే మొదట ఆడింది కాంట్రాలోని అడవి లెవెలే. నేను కళ్ళు మూసుకుని పది వేశాను. తమ్ముడు ఒప్పుకోలేదు. "అన్నయ్యా, వేసవి సెలవులకి కూడా కలిపి మార్కులు వేస్తున్నావు" అన్నాడు. వాడు మాత్రం 2018లో వచ్చిన సెలెస్ట్ గేమ్‌కి, అంటే లీనా రేన్ సంగీతానికి, అలాగే వేశాడు. కాలేజీ రోజుల్లో ఆడాడు మరి.

ఇద్దరి మాటా చెల్లక, ఏ గేమూ ఆడని అక్కని కూర్చోబెట్టాం. వీణ నేర్చుకుంది కాబట్టి చెవి మంచిది. గేముల పేర్లు చెప్పకుండా వినిపించాం. సూపర్ మారియో బ్రదర్స్‌లో నీటి అడుగు లెవెల్‌కి కోజీ కోండో ఇచ్చిన ట్యూన్ రాగానే, తొడ మీద మూడేసి దెబ్బలు లెక్కపెట్టి, "ఒరేయ్, ఇది తిశ్రంలో నడుస్తోంది" అంది. నిజమే, అది వాల్ట్జ్, మూడు దెబ్బల లెక్కన నడిచే పాశ్చాత్య నాట్య సంగీతం. కాంట్రా విని, "కింద ఆ బేస్ లాంటిదే లాగుతోంది, పైన ఏమంత లేదు" అని ఆరున్నర వేసింది. ఆ బేస్ ఫ్యామికామ్ చిప్‌లోని ట్రయాంగిల్ ఛానెల్ నుంచి వస్తుంది (ఛానెల్ అంటే ఒకసారికి ఒక్క శబ్దం పలికే గొంతు అనుకోండి). పక్కన రెండు పల్స్ ఛానెళ్ళు, డ్రమ్ముల కోసం ఒక నాయిస్ ఛానెల్, చిన్న రికార్డింగుల కోసం ఇంకొకటి, అంతే సరంజామా. నా పది ఎనిమిదికి దిగింది. అంతకంటే దించను.

అదే అక్క 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌కి మొదట రెండు వేసింది. ఉన్నది నాలుగే స్వరాలు, మళ్ళీ మళ్ళీ అవే. గేమ్ చేతికిచ్చి ఆడించాం. శత్రువులు తగ్గేకొద్దీ ఆ నాలుగు స్వరాలే వేగం పుంజుకుంటాయి. చివరి రెండు మూడు మిగిలేసరికి అక్కకి టెన్షన్ ఎక్కువై రిమోట్ మామీదే విసిరేలా ఉంది. ఆడటం అయ్యాక రెండు కాస్తా తొమ్మిది అయింది. అప్పటినుంచి షీట్‌లో రెండు కాలమ్‌లు పెట్టాం: విడిగా, ఆటలో. ఆటలో చేసే పని చూడకుండా మార్కులు వేస్తే ఈ సంగీతంలో సగం మన లెక్కలోకే రాదు.

రివ్యూ రాయడం తొందరగానే అయిపోయింది. "గూస్‌బంప్స్", "వేరే లెవెల్" అనే మాటలు నిషేధించాం. ట్రాక్‌లో ఎక్కడ ఏం జరిగిందో ఒక్క చోటైనా చూపించాలి. చూపించలేకపోతే రివ్యూ లేదు, మార్కులే.

ఇంకా తేలనిది 2005లో వచ్చిన సివిలైజేషన్ 4 లోని బాబా యేటు. స్వాహిలీలో క్రైస్తవ ప్రార్థన, క్రిస్టఫర్ టిన్ స్వరపరిచాడు. 2011లో గ్రామీ గెలిచింది, గేమ్ కోసం చేసిన సంగీతానికి అదే మొదటిది. విడిగా వింటే తిరుగులేదు. కానీ అది మోగేది మెనూ దగ్గర, ఆట మొదలుకాకముందు. మెనూ కూడా ఆటేనని తమ్ముడు, కాదని నేను. ప్రస్తుతానికి నా కాలమ్‌లో విడిగా తొమ్మిదిన్నర, ఆటలో నాలుగు. వాడి కాలమ్‌లో రెండు చోట్లా తొమ్మిదిన్నరే.