కిటికీ అద్దం మీద ఏడు పేర్లు

బ్రస్సెల్స్ పక్కనే ఉన్న టెర్వురెన్‌లో, మధ్య ఆఫ్రికా మ్యూజియంలోని ఒక పొడవాటి గదిలో గోడ నిండా పేర్లే కనిపిస్తాయి. 1876 నుంచి 1908 వరకు కాంగోలో చనిపోయిన 1,508 మంది బెల్జియన్ల పేర్లు అవి. ఆ ఏళ్లలోనే రబ్బరు కోసం, ఏనుగు దంతాల కోసం సాగిన వెట్టిచాకిరీలో లక్షలాదిగా ప్రాణాలు పోగొట్టుకున్న కాంగో ప్రజల్లో ఒక్కరి పేరూ ఆ గోడకు ఎక్కలేదు. కాంగో కళాకారుడు ఫ్రెడ్డీ సింబా ఆ గోడ జోలికి పోకుండా, ఎదురుగా ఉన్న కిటికీ అద్దాల మీద ఏడు పేర్లు రాశారు: ఎకియా, జెంబా, కితూక్వా, ఎంపెయా, జావో, సాంబా, మిబాంజ్. ఎండ కాసినప్పుడు ఈ పేర్ల నీడలు బెల్జియన్ల పేర్ల మీద పడి, పొద్దుతో పాటు మెల్లగా జరుగుతాయి. నేను వెళ్లిన రోజు మబ్బు పట్టి ఉండడంతో గోడ మీద నీడ లేదు. అద్దం దగ్గరికి వెళ్లి ఆ పేర్లను ఒక్కొక్కటిగా చదువుకున్నాను.

1897లో బెల్జియం రాజు రెండవ లియొపోల్డ్, తన సొంత ఆస్తిగా ఏలుతున్న కాంగోను జనానికి చూపించడం కోసం 267 మందిని అక్కడి నుంచి రప్పించి, ఇదే టెర్వురెన్‌లో ఊళ్ల నమూనాలు కట్టించి వాటిలో ప్రదర్శనకు పెట్టాడు. ఆ ఏడుగురూ అలా వచ్చి, తిరిగి ఇల్లు చేరనివాళ్లు. వాళ్ల సమాధులు అక్కడి చర్చి పక్కన వరుసగా ఉన్నాయి. ఈ మ్యూజియం పుట్టింది ఆ ప్రదర్శన నుంచే.

2013లో మూసి, మరమ్మతులు చేసి, 2018 డిసెంబరులో మళ్లీ తెరిచినప్పుడు మ్యూజియం వాళ్లు చాలా మార్చారు. కానీ భవనానికి వారసత్వ కట్టడంగా చట్టరక్షణ ఉండడం వల్ల, కాంగోకు బెల్జియం నాగరికతను తెచ్చిందని చాటే బంగారు పూత విగ్రహాలు గుండ్రటి హాలు గూళ్లలో అలాగే నిలిచాయి. వాటికి జవాబుగా కాంగో శిల్పి ఎమె ఎంపానె చెక్కిన పెద్ద తలను హాలులో నిలబెట్టారు. ఆ జవాబు గట్టిదే అయినా, లోపలికి అడుగుపెట్టే పిల్లవాడి కన్ను ముందు బంగారం మీదికే పోతుందన్న దిగులు నాకు తీరలేదు.

అక్కడ నిలబడి ఉండగా నాకు గుర్తొచ్చింది మద్రాసు ఎగ్మూరు మ్యూజియం. 1885 నుంచి 1908 వరకు దాని సూపరింటెండెంటుగా ఉన్న ఎడ్గార్ థర్‌స్టన్, ముక్కు వెడల్పును పొడవుతో పోల్చి వచ్చిన అంకెను బట్టి కులాలనూ తెగలనూ వరుసలో నిలబెట్టవచ్చని నమ్మిన కాలపు మనిషి. కొలిచే పరికరాలతో ఆయన మద్రాసు రాష్ట్రమంతా తిరిగాడు, కె. రంగాచారి తోడ్పాటుతో 1909లో ఏడు సంపుటాలు వెలువరించాడు. మన కులాల గురించి రాసేవాళ్లు ఈనాటికీ ఆ పుస్తకాలను తిరగేస్తూనే ఉన్నారు, నేనూ తిరగేశాను. అందులోని చాలా ఫొటోల కింద తెగ పేరో, కులం పేరో ఉంటుంది తప్ప కెమెరా ముందు నిలబడిన మనిషి పేరు ఉండదు. కొలతను మిల్లీమీటర్లతో సహా రాసుకున్న చేయి, పేరు రాసుకోవడం అవసరమనుకోలేదు.

ఆ మ్యూజియంలోనే గంజాం కొండల నుంచి తెచ్చిన మెరియా బలికొయ్య, అంటే నరబలికి వాడిన కొయ్య, ఉంది. ఆ కొండల్లోని కోందు తెగలో నరబలి ఆచారం ఉన్నమాట నిజం, దాన్ని దాచనక్కరలేదు. అయితే ఆ కొయ్య పక్కనే చెప్పవలసిన కథ మరొకటి ఉంది: 1830ల గుంసూరు యుద్ధంలో కంపెనీ సైన్యం కొండ ఊళ్లను తగలబెట్టింది, ఆ తర్వాత నరబలిని మాన్పించడమే ఆ కొండల మీద దొరల పెత్తనానికి గట్టి సమర్థన అయింది. ఒక హింసను అద్దాల పెట్టెలో చూపించి, రెండోదాన్ని చెప్పకుండా వదిలేసే లేబుల్ ఏ మ్యూజియంలో ఉన్నా అది సగం నిజమే చెబుతుంది.

థర్‌స్టన్ ఫొటోలను నల్లమల చెంచు గూడేలకూ, నెల్లూరు వైపు యానాదుల పాలేలకూ తీసుకెళ్లి, ముసలివాళ్ల ముందు పరచి, పోలికలు ఎవరైనా గుర్తుపడతారేమో అడగాలి. దొరికిన పేరును ఫొటో కింద రాయాలి. దొరకనిచోట, తీసినవాళ్లు పేరు రాసుకోలేదని ఆ లేబుల్ మీదే రాయాలి.