నల్లా ఇప్పి అయిదు నిమిషాలు బయట నిలబడు తమ్మీ

కరోనా తోటి 2020 మార్చి 25 నుంచి యూఏఈల ప్యాసింజర్ ఫ్లైట్లు బందయినయి. దుబాయ్‌ల దేరా అనే ఏరియాల నేను పనిచేసే హోటల్ల 280 రూములు, వారం తిరిగేసరికి ఆఖరి గెస్ట్ కూడా ఖాళీ చేసి పోయిండు. లాబీల లైట్లు తీసేసిన్రు, కిచెన్ బంద్, హౌస్‌కీపింగ్ పిల్లలను క్యాంపులనే కూసొమ్మన్నరు. మెయింటెనెన్స్ చూసే ఇంజినీరింగ్ల మేం ఆరుగురం మిగిలినం. ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ, హోటలే మూసినంక నీకేం పని బిడ్డా అని అడిగేది. హోటల్ నిండుగ ఉన్నప్పటి కంటే ఆ మూడు నెలలే నాకు ఎక్కువ పని అంటే నమ్మకపోయేది.

పని ఏందంటే వారానికి ఒకసారి ప్రతి రూములకు పోయి ప్రతి నల్లా ఇప్పి నీళ్లు పారబెట్టుడు. వాష్ బేసిన్ల చల్లది, వేడిది, టబ్, షవర్, టాయిలెట్ పక్కన చేతి షవర్, ఏదీ ఇడిచిపెట్టేది లేదు. రూముకు పది నిమిషాలు వేసుకున్నా 280 రూములకు 46 గంటలు పైనే పడ్తది. షవర్ మాత్రం అట్లనే ఇప్పొద్దు. షవర్ హెడ్‌కు పాలిథిన్ కవర్ తొడిగి, రబ్బర్ బ్యాండ్ వేసి, కవర్ మూల కత్తెరతో జర కోసి, ఆ మూల డ్రెయిన్ దిక్కు పెట్టి అప్పుడు ఇప్పాలె, నీళ్లు తుంపర లేకుండ ధారగ కిందికి పోవాలె. ఇప్పినంక బయటికొచ్చి నిలబడాలె. ఎందుకంటే నిలబడ్డ నీళ్లల్ల లీజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతది, దానితోటి వచ్చేది నీళ్లు తాగితే వచ్చే రోగం కాదు, తుంపరల కలిసి ఊపిరితిత్తులల్లకు పోతే వచ్చే నిమోనియా. సాధారణంగ ఒకరి నుంచి ఇంకొకరికి అంటదు. నీళ్ల నుంచే వస్తది, అదీ మనం మంచిగ స్నానం చేస్తున్నం అనుకునే టైంల.

నిలబడ్డ నీళ్లు పాచి పడ్తయని మన ఊర్లల్ల చిన్నపిల్లగానికి కూడా ఎరుకే. బావి వాడకపోతే నీళ్లు పాడయితయని మా తాత అనేటోడు. పైపుల నీళ్లకు కూడా గదే లెక్క, కాకపోతే కంటికి కనపడదు. పైపు లోపల గోడకు జిగట పొర పడ్తది, మా ట్రైనింగ్ల దాన్ని బయోఫిల్మ్ అన్నరు, నాకు మాత్రం అది పాచే. అందుల అమీబాలు ఉంటయి, ఈ బ్యాక్టీరియా వాటి లోపలకు దూరి పెరుగుతది, అందుకే నీళ్లల్ల క్లోరిన్ ఉన్నా దానికి తగలదు. 20 డిగ్రీల లోపు ఉంటే పండుకుంటది, చావదు. 20 నుంచి 45 మధ్యల పెరుగుతది. 60 దాటితే నిమిషాలల్ల చస్తది. మా పని మొత్తం ఈ మూడు అంకెల చుట్టే తిరుగుతది. వేడి నీళ్ల ట్యాంక్‌ల 60కి తగ్గొద్దు, బిల్డింగ్ అంతా తిరిగి వెనకకొచ్చే రిటర్న్ లైన్ల 50కి తగ్గొద్దు, చల్లనీళ్లు 20 లోపు ఉండాలె.

ఆ చల్లనీళ్ల కాడనే దుబాయ్‌ల కష్టం. జులై, ఆగస్టుల మిద్దె మీది ట్యాంక్‌ల నీళ్లు 40 దాటుతయి. ఇక్కడున్న మనోళ్లందరికి ఈ ముచ్చట తెలుసు, ఎండాకాలం చల్లనీళ్ల నల్లా ఇప్పితే చెయ్యి కాలుతది. అందుకే గీజర్ స్విచ్ బంద్ చేసి, బాత్రూంల ఏసీ నీడకు సల్లబడ్డ గీజర్ నీళ్లనే చల్లనీళ్ల లెక్క వాడుకుంటం. నేను కూడా మూడేండ్లు అట్లనే చేసిన, తెలివైన పని అనుకున్న. పనిల ట్రైనింగ్ అయినంకనే అర్థమయింది, స్విచ్ బంద్ చేసిన గీజర్ల నీళ్లు 30, 32 దగ్గర నెలల తరబడి ఉంటయి, బ్యాక్టీరియాకు మనమే చేతులారా పెట్టిచ్చిన ఇల్లు అది. పెద్ద హోటళ్లల్ల అయితే చల్లనీళ్ల లైన్‌ను కూడా చల్లబరిచే ఏర్పాటు ఉంటది. లేబర్ క్యాంపుల ఎవడు పెట్టిస్తడు.

మొదటి ట్రైనింగ్ల మాకు చెప్పింది ఫిలడెల్ఫియా కథ. 1976 జులైల అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం అక్కడి బెల్‌వ్యూ స్ట్రాట్‌ఫర్డ్ హోటల్ల సభ పెట్టుకుంది. ఇంటికి పోయినంక ఒక్కొక్కరు జ్వరంతోటి పడిపోయిన్రు. 221 మందికి రోగం వచ్చింది, 34 మంది చనిపోయిన్రు. ఏం రోగమో నెలల తరబడి ఎవరికి దొరకలే. 1977 జనవరిల అమెరికా సర్కారు రోగాల నియంత్రణ సంస్థ సీడీసీల జోసెఫ్ మెక్‌డేడ్ అనే సైంటిస్ట్ ఆ బ్యాక్టీరియాను పట్టిండు, ఆ సైనికుల పేరే దానికి పెట్టిన్రు. నన్ను పట్టుకున్న ముచ్చట ఏందంటే అది హోటల్. మా అసొంటి ఇంజినీరింగ్ పిల్లలు అక్కడ కూడా పనిచేసి ఉంటరు, లాగ్ షీట్లు రాసి ఉంటరు, వాళ్లకు ఎవరూ ఏం చెప్పి ఉండరు, ఎందుకంటే అప్పటికి ఎవరికీ తెల్వదు. మాకు తెలుసు. తెలిసి కూడా చెయ్యకపోతే మరి ఏమనాలె?

ఇది చెప్పాల్నంటే నా తప్పు కూడా చెప్పాలె. 2014ల వచ్చిన కొత్తల నైట్ షిఫ్ట్‌ల నేను కూడా నల్లా కాడికి పోకుండ వేడి నీళ్ల రీడింగులు కుర్చీల కూసొని రాసిన. 58, 59, 58, 60. మస్తు మంది రాస్తరు, పెద్దోళ్లు కూడా చూసి సంతకం పెడ్తరు. ఒక రాత్రి మా చీఫ్ ఇంజినీర్, కేరళ ఆయన, షీట్ చేతుల పట్టుకొని నా పక్కకొచ్చి ఏం అనకుండ నన్ను రెండో అంతస్తుకు తోలుకపోయిండు. నల్లా ఇప్పి థర్మామీటర్ పెట్టి, నువ్వే సదువు అన్నడు. నిమిషం అయింది, రెండు నిమిషాలు అయింది, 43 మీద ఎక్కలే. నేను 58 రాసిన్న. ఆయన తిట్టలే, ఈ రూముల ఇయ్యాల ఒక ముసలామె దిగింది, తెలుసా అన్నడు హిందీల, అంతే. ఆ దినం నుంచి ఇప్పటిదాక థర్మామీటర్ పెట్టకుండ ఒక్క అంకె రాయలే.

ఆ 43 వెనక ఏముందో పట్టుడు మాకు రెండు నెలలు పట్టింది. ల్యాబ్ వాళ్లను పిలిచి శాంపిల్ తీపిచ్చినం. లీటర్ బాటిల్, దాంట్ల ముందే సోడియం థయోసల్ఫేట్ వేసి ఉంటది, నీళ్లల్ల ఉన్న క్లోరిన్‌ను అది ఆపేస్తది, లేకపోతే దారిలనే బ్యాక్టీరియా చచ్చి ల్యాబ్ల ఏం లేనట్టు తేల్తది. నల్లా ఇప్పంగనే వచ్చే మొదటి నీళ్లు ఒక బాటిల్, జరసేపు పారబెట్టినంక ఇంకో బాటిల్. మొదటి దాంట్లనే ఎక్కువ వస్తే తప్పు నల్లా కాడ, షవర్ కాడ ఉన్నట్టు, రెండో దాంట్ల కూడా వస్తే లోపల లైన్లనే ఉన్నట్టు. ల్యాబ్ల బ్యాక్టీరియాను పెంచి చూస్తరు, దాన్ని కల్చర్ అంటరు, ఆ రిజల్ట్ రానీకె పది దినాలు పడ్తది. మాకు రెండు బాటిళ్లల్ల కూడా వచ్చింది, లీటర్‌కు 1,800 సీఎఫ్‌యూ, అంటే కల్చర్‌ల పెరిగిన బ్యాక్టీరియా లెక్క. వెయ్యి దాటితే ఆలస్యం లేకుండ పని పట్టాలె, ఆ వింగ్ రూములన్ని బంద్ చేసినం, ట్యాంక్ వేడి పెంచి ప్రతి నల్లా నుంచి 60 మీద నీళ్లు పారిచ్చినం, షవర్ హెడ్లు ఇప్పి సున్నం పొర కడిగి క్లోరిన్ నీళ్లల్ల ముంచినం. మళ్ల టెస్ట్ చేస్తే ఏం లేదు. అందరం ఊపిరి పీల్చుకున్నం. మూడు వారాలకు మళ్లొచ్చింది.

అప్పుడు చీఫ్ పాత డ్రాయింగులు తెప్పిచ్చిండు. మేం కొత్తగ చేరకముందు రెండో అంతస్తుల ఒక సెలూన్ ఉండేదట, దాన్ని తీసేసి స్టోర్ చేసిన్రు. బేసిన్లు పీకిన్రు గానీ పైపులు పీకలే, చివరల క్యాప్ బిగిచ్చి సీలింగ్ మూసేసిన్రు. దీన్ని డెడ్ లెగ్ అంటరు. సీలింగ్ ఇప్పి చూస్తే నాలుగు మీటర్ల పైపు, రెండు లైన్లు, నిండ నీళ్లు, ఎన్ని ఏండ్ల నుంచి కదలలేదో. పైపు కోసినప్పుడు నేనే కింద బకెట్ పట్టుకున్న, మాస్క్ పెట్టుకొని. మొదలు ఏం రాలే, తర్వాత ఒక్కసారిగ నల్లగ, జిగటగ, బావి పూడిక తీసేటప్పుడు అడుగున వచ్చే బురద లెక్క జారి పడ్డది. పైపు లోపల వేలు పెడ్తే గోడకు వెంట్రుక మందం పొర. ఈ పక్కనే రోజు 40 మంది స్నానం చేసిన్రు. ఆ పైపు మెయిన్ లైన్‌కు కలిసే టీ జాయింట్ దాక కోసేసి అక్కడనే మూసేసినం. తిరిగొచ్చే వేడి నీళ్లను అన్ని లైన్లకు సమంగ పంచే రిటర్న్ బ్యాలెన్సింగ్ వాల్వ్ కూడా ఒకటి పూర్తిగ మూసుకపోయి ఉండె, మార్చినం. తర్వాత మూడు సార్లు వరుసగ టెస్ట్ చేస్తే ఏం రాలే. ఆ రూముల నీళ్లు ఇప్పుడు నిమిషంల 54కు వస్తయి.

2016 అక్టోబర్ నుంచి దుబాయ్ వచ్చిపోయిన యూరప్ టూరిస్టులల్ల ఈ జబ్బు కేసులు ఎక్కువయినయని యూరప్ రోగాల నియంత్రణ సంస్థ ఈసీడీసీ ఆ డిసెంబర్ల రిపోర్ట్ ఇచ్చింది. మాకు అది మీటింగ్ల చూపిచ్చిన్రు. అప్పటి నుంచి పైనోళ్లు శాంపిళ్లకు బడ్జెట్ అడిగితే లేదనుడు తగ్గిచ్చిన్రు. గెస్టుల గురించి భయం ఉన్నది, మంచిదే. నా బాధ ఇంకోటి.

పెద్ద ఏసీల వేడిని నీళ్లతోటి బయటికి పంపే కూలింగ్ టవర్ కడిగేది ఎవరు? మనోళ్లే, నేపాలీలు, బంగ్లా పిల్లలు. జెట్ పంప్ పట్టుకొని టవర్ లోపలకు దిగుతరు, గడియల ఆ తుంపర పొగ లెక్క లేస్తది. ఫ్రాన్స్ ఉత్తరాన పా ద కలే జిల్లాల 2003 నవంబర్ నుంచి 2004 జనవరి దాక ఒక ఫ్యాక్టరీ కూలింగ్ టవర్ నుంచి 86 మందికి అంటింది, 18 మంది చనిపోయిన్రు, ఆరు కిలోమీటర్ల అవతల ఉన్నోళ్లకు కూడా పోయింది. మొదటి కేసులు తగ్గినంక టవర్‌ను హై ప్రెషర్‌తోటి కడిగిన్రు, ఆ కడుగుడుతోటే రెండోసారి లేచింది. ఆరు కిలోమీటర్ల దూరాన ఉన్నోనికే అట్లుంటే, టవర్ లోపల నిలబడి కడిగేటోని గతి ఏంది? అందుకే ముందు క్లోరిన్ వేసి తిప్పాలె, ఫ్యాన్ బంద్ చెయ్యాలె, సరైన మాస్క్ ఇయ్యాలె, ముక్కుకు గుడ్డ కట్టుకొని దిగమంటే దిగొద్దు. ఇది నేను కొత్తగ వచ్చే ప్రతి పిల్లగానికి మొదటి దినమే చెప్త.

ఇగ క్యాంప్ ముచ్చట. దుబాయ్‌ల లేబర్ క్యాంపులుండే సోనాపూర్ల మా రూముల ఎనిమిది మందిమి. పొద్దంతా గెస్టుల నీళ్లకు థర్మామీటర్ పెట్టి, రాత్రి మా నీళ్లు ఎంతున్నయో చూసుకోకుండ స్నానం చేస్తుంటి. పోయినేడు జగిత్యాల నుంచి ఒక తమ్ముడు సెలవు అయిపోయి వచ్చిండు, రెండు నెలలు ఊర్లనే ఉండె, ఆ టైంల వాళ్ల రూం మొత్తం ఖాళీ, మిగిలినోళ్లను వేరే సైట్‌కు పంపిన్రు. ఎయిర్‌పోర్ట్ నుంచి రాంగనే బ్యాగు పడేసి తువ్వాల ఏసుకొని బాత్రూంకు ఉరికిండు.

"ఆగు తమ్మీ, నల్లా ఇప్పి అయిదు నిమిషాలు బయట నిలబడు" అన్న.

"ఏందన్నా, ఇంటికాడ బోరు నీళ్లు పోసుకొని బతికినం, ఇక్కడి నీళ్లకేమయితది?"

"బోరు నీళ్లు అప్పుడే భూమిల నుంచి వస్తయి, బకెట్ల పట్టుకొని చెంబుతోటి పోసుకుంటం. ఇవి రెండు నెలల నుంచి గా పైపుల్నే ఉన్నయిరా, షవర్ ఇప్పంగనే మొత్తం నీ ముక్కులకే."

వాడు నవ్విండు గానీ ఆగిండు. కవర్ తొడిగి నేనే ఇప్పిన. మొదలు వచ్చిన నీళ్లు పచ్చగ, తుప్పు వాసన. వాడు చూసి ఏం మాట్లాడలే.

వానికి చెప్పిందే ఇక్కడ కూడా రాస్తున్న, ఎందుకంటే సెలవుకు పోయొచ్చేటోళ్లు మస్తు మంది ఉన్నరు. రూం వారం కంటే ఎక్కువ ఖాళీగ ఉంటే ముందు నీళ్లు పారబెట్టుర్రి, తుంపర లేవకుండ. చలికాలం గీజర్ మళ్ల వేసినప్పుడు ఫుల్ వేడికి పెట్టి కొన్ని గంటలు ఆగినంకనే స్నానం చేయుర్రి, జర పైలం, అప్పుడు నీళ్లు చెయ్యి కాలేంత ఉంటయి. షవర్ హెడ్ మూడు నెలలకోసారి ఇప్పి కడుగుర్రి. యాభై దాటినోళ్లు, సిగరెట్ తాగేటోళ్లు, షుగర్ ఉన్నోళ్లకు ఈ రోగం గట్టిగ పట్టుకుంటది. తుంపర పీల్చినంక రెండు దినాల నుంచి రెండు వారాల లోపు జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే డాక్టర్‌కు ఏ హోటల్ల, ఏ క్యాంపుల ఉన్నరో చెప్పుర్రి. మూత్రం టెస్ట్‌తోటి పట్టొచ్చు, అజిత్రోమైసిన్, లీవోఫ్లాక్సాసిన్ అసొంటివి పనిచేస్తయి, పెన్సిలిన్ జాతి మందులు దీనికి పనిచెయ్యయి. డాక్టర్‌కు అనుమానం రాకపోతే ఆ టెస్ట్ రాయడు, అందుకే మనమే చెప్పాలె.

తర్వాత శుక్రవారం నేను, ఆ తమ్ముడు కలిసి క్యాంప్ మిద్దె ఎక్కినం. ట్యాంక్ మూత పగిలి, దాని మీద ఒక రేకు ముక్క, రేకు మీద ఇటుక. లోపల నీళ్ల మీద పావురం ఈక తేలుతున్నది. థర్మామీటర్ 41 చూపిచ్చింది. ఫోటో తీసి క్యాంప్ బాస్‌కు పంపినం, మొదటిసారి జవాబు రాలే, రెండోసారి మిద్దె మీదికే తోలుకపోయి ఆయన చేతులనే థర్మామీటర్ పెట్టిన. రెండు వారాలకు ట్యాంక్ కడిగిచ్చిన్రు, కొత్త మూత వేసిన్రు, మీద నీడకు షేడ్ నెట్ కట్టిన్రు. ఈ ఆగస్టుల చూస్తే 36 ఉంది. తగ్గింది గానీ ఇంకా ఆ బ్యాక్టీరియా పెరిగే లెక్కలనే ఉన్నది. పైపులకు ఇన్సులేషన్, ఏడాదికి రెండు శాంపిళ్లు కావాల్నని రాసిచ్చినం, మా రూమోళ్లే కాదు మూడు అంతస్తులోళ్లు సంతకాలు పెట్టిన్రు. కాగితం ఆఫీసుల ఉంది. వచ్చే శుక్రవారం మళ్ల అడగనీకె పోతున్నం, ఈసారి రీడింగులు రాసిన బుక్ కూడా పట్టుకపోత, మార్చి నుంచి వారం వారం తీసినయి, తేదీ, టైం తోటి.